దొర పేరు, దొంగ పేరు: బాపట్ల సీమలో ఇంగ్లీషు వాళ్ళ శీలం

తెనాలి నుంచి చీరాల వైపు పోయే పాసింజరు బండి బాపట్ల దాటాక ఒక చిన్న స్టేషన్లో ఆగుతుంది. ఆ స్టేషను దగ్గర పడుతుందనగానే పెట్టెలో ఎవరో ఒకరు, "సంచులు జాగ్రత్తండోయ్" అంటారు. మిగతా వాళ్ళు నవ్వుతారు. మేము ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అన్నవాళ్ళలో స్కూలు మాస్టర్లున్నారు, కోర్టు గుమాస్తాలున్నారు, ధర్మం మాట్లాడే పెద్దమనుషులున్నారు. స్టేషను బోర్డు మీద ఉన్న పేరు స్టూవర్టుపురం. ఆ పేరు ఒక ఇంగ్లీషు దొరది. బతికున్నంత కాలం పోలీసు, హోం శాఖల్లో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసిన మనిషిది. ఆయన గౌరవార్థం పెట్టిన పేరు తెలుగులో దొంగకు మారుపేరు ఎట్లా అయింది? మా వ్యాసం ఈ ప్రశ్న నుంచి మొదలవుతుంది.

ఇంగ్లీషు వాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్న గొప్పలు మన పెద్దవాళ్ళకు కంఠతా వచ్చు. వాడు మాట తప్పడు, టైము తప్పడు, పక్షపాతం లేదు, కష్టపడతాడు, పొదుపు చేస్తాడు. ఈ గుణాలన్నిటినీ కలిపి వాళ్ళు 'కారెక్టర్' అన్నారు. మనవాళ్ళు దాన్ని 'శీలం' అని తెలిగించారు. (ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ మాటకు ఇంకో అర్థం తగిలించారు, అది వేరే వ్యాసం.) స్కూలు నుంచి బయటికొచ్చే ప్రతి పిల్లవాడి టి.సి.లో నడవడి గడి ఒకటుంటుంది. ఆ గడి మనకు ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు. చరిత్రకారులు ఈ ఇంగ్లీషు శీలాన్ని లండన్ పుస్తకాల్లో వెతుకుతారు. మేము దాన్ని బాపట్ల ఇసుక నేలల్లో వెతుకుతున్నాము. ఎందుకంటే ఒక జాతి తన శీలాన్ని గురించి గర్వపడాలంటే శీలం లేని ఇంకో జాతి ఎదురుగా కనపడాలి. అట్లాంటి జాతి కనపడకపోతే రిజిస్టరు తెరిచి తయారు చేసుకోవాలి.

మొదట్లో ఈ గర్వం లేదు. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళ గ్లోబ్ అనే ఓడ కోరమాండల్ తీరానికొచ్చి, మచిలీపట్నం కన్నా ముందు ఆగింది ఇప్పటి రేపల్లె ప్రాంతంలోని నిజాంపట్నం దగ్గరే. అప్పటి రాతల్లో దాన్ని పెటపోలి అన్నారు. వచ్చినవాళ్ళు అద్దకపు బట్టల కోసం, చిరువేరు ఎరుపు కోసం వచ్చారు. స్థానిక అధికారుల ముందు వంగి నిలబడ్డారు, సుంకాల దగ్గర బేరమాడారు. వాళ్ళను ఇక్కడివాళ్ళు అనుమానంగా చూసిన రోజులవి. మనుషులకు శీలం నేర్పుతామని ఆనాడు వాళ్ళెవరూ అనలేదు. రెండున్నర శతాబ్దాల తర్వాత, చేతిలో రాజ్యం ఉన్నప్పుడు, ఆ మాట వచ్చింది.

1871వ సంవత్సరాన్ని మేము పాఠకుల ముందు పెట్టదలిచాము. ఆ ఏడు లండన్లో సామ్యూల్ స్మైల్స్ 'కారెక్టర్' అనే పుస్తకం అచ్చేశాడు. అంతకు ముందు 1859లో ఆయనే రాసిన 'సెల్ఫ్ హెల్ప్' లక్షల మంది చదివింది. మనిషి పుట్టుకతో కాదు, తన ప్రయత్నంతో, తన నడవడితో పైకొస్తాడు, జాతి గొప్పదనం ఆ జాతిలోని మనుషుల శీలంలో ఉంటుంది అనేది ఆయన చెప్పిన దాని సారం. సరిగ్గా అదే ఏడు కలకత్తాలో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. అప్పుడు లా మెంబరుగా ఉన్నది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. చట్టానికి సమర్థనగా వినిపించిన వాదన ఏమిటంటే, ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలెవాడి కొడుకు సాలెవాడు అయినట్టే దొంగతనం కూడా కులవృత్తిగా ఉంటుందని, అట్లాంటి తెగలో పుట్టినవాడు నేరం చెయ్యక తప్పదని.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లండులో పుట్టుక లెక్కలోకి రాదు, మనిషి లెక్కలోకొస్తాడు. ఇక్కడ మనిషి లెక్కలోకి రాడు, పుట్టుక ఒక్కటే వస్తుంది. అదే 1871లో ఇంగ్లండులో కూడా అలవాటైన నేరస్తుల మీద నిఘా పెట్టే చట్టం ఒకటి వచ్చింది. కానీ అక్కడ దాని కిందికి రావాలంటే మనిషి నేరం చేసి శిక్షపడి ఉండాలి. ఇక్కడ తల్లికి పుడితే చాలు. పైగా ఫలానా తెగ నేరస్త తెగ అని ప్రభుత్వం ప్రకటించిన తర్వాత దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. న్యాయమంటే తమదే అని చెప్పుకునే జాతి రాసిన చట్టమిది. ఇందులో వాళ్ళు సొంతంగా కనిపెట్టింది తక్కువ. కులాన్ని బట్టి గుణం అనే సిద్ధాంతం మనువు దగ్గర తయారుగా ఉంది. దొరలు దాన్ని తీసుకుని సెక్షన్లుగా విడగొట్టారు. బ్రాహ్మణ పండితులు తెల్లవాళ్ళకు చదివి వినిపించిన శాస్త్రాల వల్ల మనకు జరిగిన నష్టం ఆస్తి వారసత్వం కేసులతో ఆగలేదని మా అభిప్రాయం.

మద్రాసు రాష్ట్రానికి ఈ చట్టం 1911లో వచ్చింది. యెరుకల వాళ్ళు దీని కింద పడ్డారు.

యెరుకల వాళ్ళు అంతకు ముందు ఎట్లా బతికారో కొంచెం చెప్పుకోవాలి. వాళ్ళలో ఉప్పు యెరుకల, దబ్బ యెరుకల, కరివేపాకు యెరుకల, కుంచెపురి యెరుకల అని శాఖలున్నాయి. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఇవి పనుల పేర్లు. దబ్బలు చీల్చి బుట్టలు, తట్టలు అల్లారు, నేతగాళ్ళకు కుంచెలు కట్టారు. సోది చెప్పడం ఆడవాళ్ళ పని. ఎరుక అంటేనే జ్ఞానం. ఉప్పు యెరుకల వాళ్ళు తీరంలో ఉప్పు కొటార్ల దగ్గర ఉప్పు కొని, ఎద్దుల మీద, గాడిదల మీద పెరికెలు వేసుకుని పై ఊళ్ళకు పోయి అమ్మి, అక్కణ్ణించి ధాన్యం తెచ్చేవాళ్ళు. అది నిక్కమైన వ్యాపారం. మీనా రాధాకృష్ణ మద్రాసు రాష్ట్రపు కొరవ, యెరుకల వాళ్ళ మీద చేసిన పరిశోధనలో (2001లో పుస్తకంగా వచ్చింది) ఈ వ్యాపారం ఎట్లా విరిగిందో చూపించారు. ఉప్పు మీద సర్కారు గుత్తాధికారం పెట్టింది, పన్ను వేసింది. 1876-78 నాటి ధాత కరువులో మోతపశువులు చచ్చాయి. రైలు వచ్చి మిగిలిన సరుకు లాక్కుంది. మద్రాసు, బెజవాడల మధ్య రైలు 1899 నాటికి నడిచింది. అడవి చట్టాలు వెదురునూ ఈతాకునూ కాపలా కింద పెట్టాయి. బతుకుతెరువు పోయిన మనిషి ఊళ్ళ మధ్య తిరుగుతుంటే, సర్కారు వాడి తిరుగుడును చూసింది కానీ తెరువు పోయిన సంగతి చూడలేదు. తిరిగేవాడు దొంగ. ఇల్లు, పొలం, పన్ను రసీదు ఉన్నవాడు పెద్దమనిషి.

ఇంకో సంగతి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యి, తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాల్లో కాలవ నీళ్ళు పారి మాగాణి పెరిగింది. గాదెలు నిండినవాళ్ళకు గాదెకు కాపలా కావాలి. మాల మాదిగలకు ఆ నీళ్ళ మీద దొరికింది పాలేరుతనం, నాటు కూలి. డెల్టా సంపద పెరిగే కొద్దీ దొంగ భయం కూడా పెరిగింది. చట్టం ఈ భయానికి ఊళ్ళో మనిషిని పెట్టింది. రిజిస్టరైన మనిషి గ్రామాధికారి దగ్గర కనపడాలి, వాళ్ళ కదలికలు తెలియజెయ్యడం గ్రామాధికారుల, భూస్వాముల బాధ్యత అని చట్టంలోనే రాశారు. అంటే ఇంగ్లీషు దొర శీలానికి కాపలాదారు మన ఊరి మునసబే. తెల్లదొర ఒక్కడే ఇదంతా చేశాడనడం చరిత్ర కాదు.

ఇక పేరు సంగతి. హెరాల్డ్ స్టూవర్టు ఐ.సి.ఎస్. అధికారి. 1891 మద్రాసు జనాభా లెక్కల రిపోర్టు రాసింది ఈయనే. ఎవరు ఏ కులమో గడులు గీసి నింపిన చెయ్యి అది. తర్వాత ఇండియా ప్రభుత్వంలో నేర సమాచార శాఖకు డైరెక్టరుగా పనిచేశాడు. ఆ పైన మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాడు. కులాల లెక్క, నేరాల లెక్క ఒకే మనిషి చేతిలో కలవడం యాదృచ్ఛికం అనుకోవచ్చు, మేము మాత్రం అనుకోము. 1913లో బాపట్ల దగ్గర యెరుకల వాళ్ళను తెచ్చి పెట్టిన సెటిల్మెంటుకు ఆయన పేరే పెట్టారు. నడిపించింది రక్షణ సైన్యం.

ఈ రక్షణ సైన్యం గురించి మన పాఠకులకు వేరే చెప్పాలా? డప్పుకు బదులు బ్యాండు, జెండా, యూనిఫాం, కెప్టెన్లు, మేజర్లు. బాపట్ల, తెనాలి ప్రాంతపు మాల మాదిగ పల్లెల్లో వాళ్ళ పాటలు వినని వాళ్ళు తక్కువ. 1865లో లండన్ తూర్పు పేటల్లో, తాగుబోతుల మధ్య, కూలీల మధ్య విలియం బూత్ మొదలుపెట్టిన పని అది. 1890లో ఆయన ఒక పుస్తకం రాశాడు. ఆ ఏడే స్టాన్లీ ఆఫ్రికా చీకటి అడవుల మీద పుస్తకం వేశాడు. బూత్ దాని పేరు తీసుకుని, ఆఫ్రికా దాకా ఎందుకు, ఇంగ్లండులోనే చీకటి ఉంది, జనంలో పదోవంతు అందులో మునిగి ఉన్నారు అన్నాడు. వాళ్ళను పట్నం కాలనీలో చేర్చి, పొలం కాలనీలో పని నేర్పి, చివరికి సముద్రం దాటించాలని పథకం వేశాడు. అనుకున్నట్టే ఎసెక్సులో పొలం కాలనీ పెట్టారు.

ఇక్కడ మాకు ఒక విషయం తోచింది. ఇంగ్లీషు జాతీయ శీలం అని మనకు చూపించిన దాంట్లో ఇంగ్లండు బీదవాడికి చోటు లేదు. లండన్ కూలీ కూడా వాళ్ళ దృష్టిలో అడవి మనిషే. వాడిని మనిషిని చెయ్యడానికి తయారు చేసిన పద్ధతే ఓడెక్కి బాపట్లకొచ్చింది. దాన్ని ఈ దేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ టక్కర్ మొదట పంజాబులో ఐ.సి.ఎస్. ఉద్యోగి. ఉద్యోగం వదిలి, 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. మొదట్లో ఇంగ్లీషు ప్రభుత్వమే వీళ్ళ ఊరేగింపులను ఆపి జైల్లో పెట్టింది. పాతికేళ్ళు తిరిగేసరికి అదే ప్రభుత్వం 1908లో గోరఖ్‌పూర్లో డోములను వీళ్ళకు అప్పగించింది. అక్కణ్ణించి మద్రాసు దాకా సెటిల్మెంట్లు వచ్చాయి. గుంటూరు జిల్లాలోనే సీతానగరంలో ఇంకొకటి పెట్టారు.

సెటిల్మెంటులో హాజరు పిలుపు ఉంటుంది. బయటికి పోవాలంటే పాసు కావాలి. పాసు లేకుండా దొరికితే జైలు. పిల్లలను తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసి స్కూల్లో పెట్టడానికి చట్టం అధికారమిచ్చింది. తల్లి పెంపకంలో పిల్లవాడికి దొంగబుద్ధి అంటుతుందని వాళ్ళ వాదన. తన కొడుకుని ఏడో ఏటనే బోర్డింగు స్కూలుకి పంపించి దాన్ని శీల నిర్మాణం అని మురిసిపోయిన జాతికి, ఇంకొకరి బిడ్డను లాక్కోవడం తప్పుగా తోచలేదు కాబోలు. పని విషయానికొస్తే, మొదట వ్యవసాయం అన్నారు. తర్వాత చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి స్టూవర్టుపురం మనుషులు కూలికి పోయారు. అదీ ఇంగ్లీషు పెట్టుబడి కంపెనీయే. మిల్లుకు టైముకొచ్చే కూలీ కావాలి. సెటిల్మెంటుకు కూలీని కదలకుండా పట్టుకునే గంట కావాలి. రెండూ కలిశాయి. కష్టపడే గుణం అనే ఇంగ్లీషు సుగుణం ఇక్కడ పాసుతో, కావలివాడితో నేర్పబడింది.

రిజిస్టరులో వేలిముద్ర వేయించుకున్నారు. ఈ వేలిముద్రకొక కథ ఉంది. 1858లో బెంగాలులో హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక కంట్రాక్టరు చేత అరచెయ్యి ముద్ర వేయించాడు, మాట తప్పుతాడని భయంతో. 1897లో కలకత్తాలో వేలిముద్రల ఆఫీసు పెట్టారు. ముద్రలను వర్గీకరించే పద్ధతి తయారు చేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల పని ఉంది. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి వచ్చింది. 1901లో ఆయన దాన్ని స్కాట్లండ్ యార్డుకు పట్టుకుపోయాడు. ఇంగ్లీషు పోలీసు తెలివికి ప్రపంచం చప్పట్లు కొట్టిన విద్య ఇది. యెరుకల వాళ్ళు ఈనాడు ఏకలవ్యుణ్ణి తమ పూర్వీకుడిగా చెప్పుకుంటారు. వాళ్ళ సంఘాలకు ఆయన పేరు పెట్టుకుంటారు. ద్రోణుడు బొటనవేలు కోయించుకున్నాడు. దొర బొటనవేలిని చేతికే ఉంచి దాని ముద్ర తీసుకున్నాడు. రెండుసార్లూ శిష్యుడిది తప్పు, గురువుది ధర్మం.

1913కి ఇంకో ప్రాముఖ్యత ఉంది. ఆ ఏడు మే నెలలో మొట్టమొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ బాపట్లలోనే. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షుడు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం మాట అక్కడ చర్చకొచ్చింది. ఆంధ్రుల పూర్వ వైభవం, ఆంధ్రుల భాష, ఆంధ్రుల పౌరుషం అనే మాటలు ఆ కాలపు ఉపన్యాసాల్లో కావలసినన్ని. కొద్ది మైళ్ళ దూరంలో అదే ఏడు కొన్ని వందల కుటుంబాల చుట్టూ హాజరు పట్టీ బిగిసింది. మహాసభ గురించి మేము చదివిన చరిత్రల్లో స్టూవర్టుపురం మాట కనపడదు. ఇంగ్లీషు వాడి జాతి గర్వాన్ని చూసి మనవాళ్ళు జాతి గర్వం నేర్చుకున్నారు. నేర్చుకునేటప్పుడు ఎవరిని బయట పెట్టాలో కూడా నేర్చుకున్నారు.

ఈ మౌనానికి మినహాయింపు ఉన్నవ లక్ష్మీనారాయణ. 1922లో అచ్చయిన 'మాలపల్లి'లో నేరస్తుల సెటిల్మెంటు వస్తుంది. నేరం ఎరగని మాల రామదాసు కుటుంబం అక్కడికి చేరుతుంది. గుంటూరు సీమలో కళ్ళ ముందు జరుగుతున్న దాన్ని ఆయన నవలలోకి తెచ్చాడు. మద్రాసు ప్రభుత్వం నవలను నిషేధించింది. అగ్రకులాల నుంచి వచ్చిన రచయితే అయినా, ఈ సంగతిలో ఆయనకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. అయితే విమర్శకులు ఆ నవలలో గాంధీ ఎంత, బోల్షివిజం ఎంత అని కొలిచినంతగా సెటిల్మెంటు గురించి మాట్లాడలేదు.

మేము ఇంగ్లీషు వాళ్ళను తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఆ పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ ఉద్దేశాలు వేరు. గరిమెళ్ళ 'మాకొద్దీ తెల్లదొరతనము' అని రాసినప్పుడు రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని ఎందుకు జవాబివ్వవలసి వచ్చిందో మనకు తెలుసు. మిషను స్కూలు, మిషను ఆసుపత్రి లేకపోతే ఈ సీమలో మాల మాదిగల చదువు ఎప్పటికి వచ్చేదో చెప్పలేము. నిడుబ్రోలులో, బాపట్లలో ఈవాంజలీన్ బూత్ ఆసుపత్రులు రక్షణ సైన్యం వాళ్ళవే. కుష్ఠు రోగిని ఊరు వెలివేస్తే చెయ్యి పట్టుకున్నవాళ్ళు వాళ్ళు. (గుంటూరు ప్రాంతంలో మిషనరీలు చాలామంది అమెరికన్లు, లూథరన్లు, బాప్టిస్టులు. పల్లెలో మాత్రం తెల్లగా ఉన్నవాళ్ళందరూ ఇంగ్లీషు దొరలే.) ఒకే సంస్థ ఒక చేత్తో పలక ఇచ్చింది, ఇంకో చేత్తో పాసు ఇచ్చింది. దళిత చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండు చేతుల్నీ చూడాలి. పలక అందుకున్న మనం, పాసు అందుకున్న యెరుకల వాళ్ళ వైపు ఎంత చూశాం? మాలో మేము వేసుకోవలసిన ప్రశ్న ఇది. అంబేద్కర్ 1936 నాటి 'కుల నిర్మూలన'లోనే ఆదివాసుల గురించి, నేరస్తులుగా ముద్రపడిన తెగల గురించి హిందూ సమాజాన్ని నిలదీశాడు. మన సభల్లో ఆ పేజీలు అంతగా చదవరు.

1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. రిజిస్టర్లు పోయి అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. 1970లలో జాషువా కూతురు హేమలత, లవణంతో కలిసి స్టూవర్టుపురంలో సంస్కరణ పనికి దిగింది. వాళ్ళ నిజాయితీని మేము శంకించము. కానీ 'సంస్కరణ' అనే మాటే చూడండి. 1991లో సినిమా వాళ్ళు వచ్చారు. ఆ ఒక్క ఏడాదిలోనే 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలు. రాష్ట్రమంతా ఆ ఊరి పేరు పోస్టర్ల మీద చూసింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ముప్పై రెండేళ్ళ తర్వాత కూడా ఆ ఊరికి కథ అదే.

ఆ 1991లోనే ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో ఎనిమిది మంది దళితులను పొలాల్లో వెంటాడి నరికి, గోతాల్లో కట్టి కాలవలో వేశారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జులై 17న, చీరాల అవతల కారంచేడులో ఆరుగురిని చంపారు. తెనాలి అంటే ఆంధ్రా పారిస్ అని గొప్పగా చెప్పుకుంటారు. 1942లో క్విట్ ఇండియా కాల్పుల్లో చచ్చిపోయిన ఏడుగురికి రణరంగ చౌకులో స్తూపాలున్నాయి. చుండూరు తర్వాత, కారంచేడు తర్వాత, ఆ కులాలను నేరస్త కులాలు అని ఎవరైనా అన్నారా? వాళ్ళ పిల్లల్ని వేరే పెట్టి పెంచాలని, రాత్రిపూట హాజరు తీసుకోవాలని ఏ పోలీసు అధికారైనా రిపోర్టు రాశాడా? అనకూడదు కూడా. కులాన్ని బట్టి నేరం అంటగట్టడం ఎవరికైనా తప్పే. కానీ 2007లో చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నిందితుల్లో ప్రతివాణ్ణీ విడిగా చూశారు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు కొట్టారు, సాక్షి ఎంత దూరాన ఉన్నాడు అని అడిగారు. చట్టం వాళ్ళను ఒక్కొక్క మనిషిగా గుర్తించింది. సామ్యూల్ స్మైల్స్ చెప్పిన ఇంగ్లీషు మనిషికి దక్కిన గౌరవం అది. స్టూవర్టుపురంలో పుట్టిన పసిబిడ్డకు ముప్పై తొమ్మిదేళ్ళ పాటు అది దక్కలేదు. రైలు పెట్టెలో ఇప్పటికీ దక్కడం లేదు.

హెరాల్డ్ స్టూవర్టు మద్రాసు నుంచి వెళ్ళిపోయాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఓడిపోయిన జర్మనీలో, రైన్‌లాండ్ ప్రాంతం మీద అజమాయిషీ చేసే కమిషనులో బ్రిటన్ తరఫున కూర్చున్నాడు. ఆయన దేశంలో ఇవాళ ఆయన పేరు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ఇక్కడ కొన్ని వేల మంది రేషను కార్డు మీద, ఆధార్ మీద, పిల్లల టి.సి. మీద ఆ పేరుంది. ఆ టి.సి. పట్టుకుని ఉద్యోగానికి పోయిన కుర్రవాణ్ణి అవతలివాళ్ళు మొదట ఊరి పేరు చదివి, తలెత్తి ముఖం చూసి, ఆ తర్వాత నడవడి గడి చదువుతారు.